పీహెచ్ డౌన్, బాదం ఆకులు, ఆర్ఓ: కార్డినల్ టెట్రాకి ఏది పనికొస్తుంది?

నమస్కారం అండీ. ఈ వీడియోలో మూడు వస్తువుల రివ్యూ చెప్తాను: పీహెచ్ డౌన్ బాటిల్ (పీహెచ్ అంటే నీళ్ల ఆమ్లత్వం చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ), ఎండు బాదం ఆకులు, అక్వేరియం కోసం వాడే చిన్న ఆర్ఓ యూనిట్. మూడింటినీ అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటే. మీ చేప పుట్టిన చోటి నీళ్లు మీ ట్యాంక్‌లోనే తయారవుతాయంటారు. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో కార్డినల్ టెట్రాని పెట్టుకుని చూద్దాం.

ముందు ఆ చేప ఎక్కడిదో చూడాలి. దక్షిణ అమెరికాలో రియో నెగ్రో నది, ఒరినోకో నది ఎగువ భాగం దాని స్వస్థలం. రియో నెగ్రో నీళ్లు బ్లాక్ టీ రంగులో ఉంటాయి. అడవిలో రాలిన ఆకులు, కొమ్మలు కుళ్లి, వాటిలోని టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు నీళ్లలోకి దిగడం వల్ల వచ్చిన రంగు అది. పీహెచ్ 4కీ 5కీ మధ్య ఉంటుంది. చాలామంది ఈ ఒక్క అంకె రాసుకుని షాపుకి వెళ్లిపోతారు. ఇంకో అంకె కూడా చూడండి. ఆ నీటి కండక్టివిటీ (కరిగిన లవణాలు పెరిగేకొద్దీ పెరిగే కొలత) సెంటీమీటరుకు సుమారు 10 మైక్రోసీమెన్స్. మన కుళాయి నీళ్లలో అది మామూలుగా వందల్లో ఉంటుంది. అంటే ఆ నదిలో కరిగిన లవణాలు దాదాపు లేనట్టే. ఆమ్లాన్ని విరిచేసే బైకార్బొనేట్ లేదు కాబట్టే అక్కడ పీహెచ్ అంత కిందికి దిగింది. కాబట్టి నా దృష్టిలో మనం ముందు పట్టించుకోవాల్సింది లవణాల సంగతి. పీహెచ్ దాని వెనకే వస్తుంది.

ఇప్పుడు మొదటిది, పీహెచ్ డౌన్. ఇదిగో ఈ గ్లాసులో కుళాయి నీళ్లు. ముందు కేహెచ్ టెస్ట్ చేస్తున్నాను. కేహెచ్ అంటే నీళ్లలో బైకార్బొనేట్ ఎంత ఉందో చెప్పే కొలత. ఒక్కో చుక్కా వేసి ట్యూబ్ ఊపుతున్నాను, లెక్కపెట్టండి. మొదటి చుక్కకే నీలం వచ్చింది. తొమ్మిదో చుక్క దాకా నీలమే. పదో చుక్కకి పసుపు. ఈ కిట్‌లో చుక్కకి ఒక డిగ్రీ, కాబట్టి కేహెచ్ 10. పీహెచ్ చూస్తే 7.8. ఇందులో బాటిల్ మీద రాసినంత డోస్ వేశాను. కాసేపటికి 6.6కి దిగింది. చూడ్డానికి బాగానే ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ కొలిస్తే 7.6.

ఎందుకలా? వేసిన ఆమ్లాన్ని బైకార్బొనేట్ మింగేసి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ గ్యాస్ నీళ్లలో ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ చూపిస్తుంది, గాలిలోకి పోగానే మళ్లీ పైకెక్కుతుంది. మీరు మళ్లీ డోస్ వేస్తారు, మళ్లీ ఎక్కుతుంది. చేపకి రోజూ ఈ ఊగిసలాటే. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా అని మర్చిపోవద్దు. ఇలా వేస్తూ పోతే ఒకరోజు కేహెచ్ పూర్తిగా అయిపోయి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది కూడా. అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం వేరే ఉంది. వేసిన ప్రతి డోస్ తన లవణాన్ని నీళ్లలోనే వదిలిపెడుతుంది. స్ట్రిప్ మీద రంగు రియో నెగ్రోకి దగ్గరవుతున్నట్టు చూపిస్తుంటే, నీళ్లు మాత్రం రియో నెగ్రోకి దూరమవుతుంటాయి. కొన్ని రకాల్లో ఫాస్ఫేట్ ఉంటుంది, దాంతో నాచు కూడా పెరగొచ్చు. ఇది కొనొద్దండీ.

బాదం ఆకులు. ఇవి నాకు చాలా ఇష్టం. రంగు అందంగా దిగుతుంది, చేపలు ఆకుల కింద నక్కుతాయి, వెలుతురు తగ్గేసరికి కార్డినల్ నీలి గీత ఇంకా మెరుస్తుంది. కానీ కేహెచ్ 10 ఉన్న నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ పెద్దగా కదలదు. రంగు వచ్చింది కదా అని నీళ్లు మారాయనుకోకండి. లవణాలు ముందే తగ్గించిన నీళ్లలో మాత్రం ఇవి బాగా పనిచేస్తాయి.

ఆ తగ్గించే పని ఆర్ఓది. మెంబ్రేన్ బాగుంటే కరిగిన లవణాల్లో 90 శాతానికి పైగా తీసేస్తుంది. లెక్క కూడా తేలికే. కుళాయి నీళ్లు ఒక వంతు, ఆర్ఓ నీళ్లు మూడు వంతులు కలిపితే కేహెచ్ 12 ఉన్నది దాదాపు 3కి వస్తుంది. లోపం కూడా చెప్పాలి. మంచి నీళ్లతో పాటు వృథా నీళ్లు కూడా బాగానే పోతాయి, వాటిని పట్టి వేరే పనులకి వాడుకోండి. ఇంట్లో ఉండే సాఫ్ట్‌నర్‌నీ దీన్నీ ఒకటనుకోవద్దు. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది. కేహెచ్ అలాగే ఉంటుంది, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) కూడా దాదాపు అలాగే ఉంటుంది.

ఆర్ఓ తెచ్చాం కదా అని ఒక్కరోజులో నీళ్లన్నీ మార్చేయకండి, ప్లీజ్. మంచినీటి చేప ఒంట్లో లవణాలు బయటి నీళ్లలో కంటే ఎక్కువ. అందుకే మొప్పల గుండా నీరు లోపలికి వస్తూనే ఉంటుంది, కిడ్నీలు దాన్ని పలచటి మూత్రంగా బయటికి పంపుతూనే ఉంటాయి. పోయిన లవణాలను మొప్పలు నీళ్లలోంచి మళ్లీ పట్టుకుంటాయి. బయట అంతా ఒక్కసారిగా మారితే ఈ ఏర్పాటు తట్టుకోలేదు. వారం వారం మార్చే నీళ్లలోనే ఆర్ఓ వాటా కొంచెం కొంచెం పెంచండి.

పీహెచ్ 6 కిందికి దిగితే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని ఫిల్టర్‌లో మార్చే బ్యాక్టీరియా బాగా మందగిస్తుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియా ఎక్కువగా అమ్మోనియంగా ఉంటుంది కాబట్టి చేపకి అంత హాని ఉండదు. కానీ అలా పోగుపడ్డాక పీహెచ్ ఎక్కువున్న కుళాయి నీళ్లు దండిగా పోశారనుకోండి, అదే మళ్లీ విషమవుతుంది. అందుకే చేపలు తక్కువ, మేత తక్కువ ఉన్న ట్యాంక్‌లోనే అంత కిందికి వెళ్లాలి. మామూలుగా పెంచేవాళ్లు కేహెచ్ 2, 3 దగ్గర ఆగిపోవడం మంచిది.

ఇదంతా అందరికీ అవసరమా? కాదు. కార్డినల్‌కి దగ్గరి చుట్టమైన నియాన్ టెట్రాలు ఎక్కువగా ఫార్మ్‌లలో పుట్టినవే, మరీ హార్డ్ కాని కుళాయి నీళ్లలో హాయిగా బతుకుతాయి. వాటికి నిలకడగా ఉండే నీళ్లు చాలు. నదిలో పట్టి తెచ్చిన చేపలకీ, గుడ్లు పెట్టించాలనుకునేవాళ్లకీ మాత్రం ఆర్ఓ పెట్టిన ఖర్చుకి న్యాయం చేస్తుంది.

ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు సిక్లిడ్ చేపలు పెంచేవాళ్లయితే ఈ మూడింట్లో ఏదీ కొనకండి. ఆ సరస్సు పీహెచ్ దాదాపు 9, కేహెచ్ కూడా ఎక్కువే. మీ కుళాయి నీళ్లు హార్డ్‌గా ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే పగడపు ముక్కల సంచి ఒకటి ఫిల్టర్‌లో పెట్టి, వారం తర్వాత కేహెచ్ ఎంతకి పెరిగిందో కొలిచి చూడండి.