సర్టిఫికెట్ ఉంటే బ్లడ్ డైమండ్ కానట్టేనా?

నమస్తే. వజ్రాల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "సర్టిఫికెట్ చూసి కొంటే బ్లడ్ డైమండ్ గొడవే ఉండదు." బ్లడ్ డైమండ్ అంటే జనాన్ని హింసించి తవ్వించి, ఆ డబ్బుతో యుద్ధాలు నడిపే వజ్రం. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ సర్టిఫికెట్ అండీ? షాపువాళ్లు నగతో ఇచ్చే కార్డు మీద మామూలుగా ఉండేవి క్యారెట్, కట్, కలర్, క్లారిటీ. తవ్వినవాడి గురించి అక్షరం ఉండదు. "అది కాదు, కింబర్లీ సర్టిఫికెట్" అంటారు కాస్త తెలిసినవాళ్లు. దాని దగ్గరికే వస్తాను, ముందు పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్దాం.

[మ్యాప్: తూర్పున కోనో జిల్లా, పక్కన లైబీరియా]

ఇక్కడ వజ్రాలు వాగుల వెంట ఇసుకలో, కంకరలో దొరుకుతాయి. తొలకరి పడగానే మన జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వెతుకుతారు చూడండి, అలా పైపైనే. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పార, జల్లెడ, పొద్దస్తమానం నీళ్లలో నిలబడే మనిషి చాలు. కంకరను జల్లెడలో పోసి, నీళ్లలో ముంచి గుండ్రంగా తిప్పుతారు. బరువైన రాళ్లు మధ్యకు చేరతాయి. అక్కడ వేళ్లతో కెలుకుతూ వెతకాలి.

అంటే తుపాకీ పట్టుకుని వాగు గట్టు మీద నిలబడినవాడిదే గని. 1991లో ఫోడే సాంకో నాయకత్వంలో ఆర్‌యూఎఫ్ అనే సాయుధ ముఠా తిరుగుబాటు మొదలైంది. పక్కనున్న లైబీరియా నుంచి చార్లెస్ టేలర్ అండ, అప్పుడు అక్కడి తిరుగుబాటు నాయకుడు, తర్వాత ఆ దేశాధ్యక్షుడు. టోంగో దగ్గర సైబోర్గ్ పిట్ అనే గుంతలో ఊళ్ల జనాన్ని పట్టుకొచ్చి తవ్వించారు. తుపాకులతో కాపలా కాసినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. అక్కడ జనాన్ని కాల్చి చంపిన సంగతి ఈ యుద్ధ నేరాల విచారణకు పెట్టిన ప్రత్యేక కోర్టు 2009 తీర్పులోనే ఉంది.

1996 ఎన్నికలప్పుడు జనం ఓటేయకూడదని చేతులు నరికారు. ముందు అడిగేవాళ్లు: హాఫ్ హ్యాండ్సా, ఫుల్ హ్యాండ్సా? మోచేతి పైకి నరకాలా, మణికట్టు దగ్గరా అని. 2002లో యుద్ధం ముగిసేసరికి 50 వేల మంది చనిపోయారని అంచనా. మధ్యలో 1999లో శాంతి ఒప్పందం అని చెప్పి, ఇదే సాంకోను ఖనిజ సంపద కమిషన్‌కు అధ్యక్షుణ్ణి చేశారు! దొంగ చేతికే తాళాలు.

మరి ఆ వజ్రాలు బయటికెలా వచ్చాయి? పాల కేంద్రం గుర్తు తెచ్చుకోండి, ఈ ఉదాహరణను వీడియో అయ్యేదాకా వదలను. మీ గేదె పాలు మీ క్యాన్‌లో ఉన్నంతసేపే మీవి. ట్యాంకర్‌లో పడ్డాక ఏ గేదెవో చెప్పడం బ్రహ్మతరం కాదు. సియెర్రా లియోన్ రాళ్లు లైబీరియా ట్యాంకర్‌లో పడ్డాయి. లైబీరియా ఏడాదికి తవ్వగలిగింది మహా అయితే లక్షన్నర క్యారెట్లు. కానీ 1994 నుంచి 1998 మధ్య ఆ దేశం పేరుతో బెల్జియంలో నమోదైనవి 3 కోట్ల 10 లక్షల క్యారెట్లు! పది గేదెలున్న ఊరి నుంచి ట్యాంకర్ల కొద్దీ పాలొస్తుంటే ఎక్కడివని బెల్జియం వజ్రాల మార్కెట్ ఆంట్‌వెర్ప్‌లో ఎవరూ గట్టిగా అడగలేదు. తెలియక అంటే నేను నమ్మను.

2003 జనవరి 1 నుంచి కింబర్లీ ప్రాసెస్ వచ్చింది. ఇది ట్యాంకర్‌కు వేసే సీలు. ముడి వజ్రాల పార్శిల్ దేశం దాటేటప్పుడు ప్రభుత్వం ఇచ్చే కాగితం. మీ ఉంగరంలో రాయికి విడిగా ఇచ్చేది కాదు. పార్శిల్ సూరత్ చేరి, సానపట్టి, సైజులవారీగా కలిపేశాక ఆ సీలు పని అయిపోయినట్టే.

అసలు మెలిక నిర్వచనంలో ఉంది. చట్టబద్ధ ప్రభుత్వాల మీద యుద్ధానికి తిరుగుబాటుదారులు వాడుకునే ముడి వజ్రాలనే కింబర్లీ లెక్కలో కాన్‌ఫ్లిక్ట్ డైమండ్స్, అంటే బ్లడ్ డైమండ్స్, అంటారు. అంటే దొంగ తెచ్చి పోసిన పాలే తప్పు. డెయిరీ ఓనరే రైతును చావగొట్టి పిండించుకుంటే? సీలు పడుతుంది! జింబాబ్వేలో వజ్రాలు దొరికే మరాంగేలో అదే జరిగింది. 2008లో అక్కడ తవ్వుకునే జనం మీదికి ప్రభుత్వ సైన్యం దిగింది. హెలికాప్టర్ల నుంచి కూడా కాల్పులు. 200 మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక. 2011లో అక్కడి ఎగుమతులకు కింబర్లీ పచ్చజెండా ఊపింది. కింబర్లీ ప్రాసెస్ కోసం మొదట్నుంచీ పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ అదే డిసెంబర్‌లో దాన్నుంచి బయటికి వచ్చేసింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. టేలర్‌కు 2012లో 50 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఉక్రెయిన్ మీదికి వెళ్లింది రష్యా ప్రభుత్వమే, తిరుగుబాటుదారులు కాదు కాబట్టి రష్యా వజ్రాలు ఈ నిర్వచనంలోకి రావు, అందుకే జీ7 దేశాలు 2024లో విడిగా నిషేధం పెట్టుకున్నాయి. ల్యాబ్ డైమండ్స్ గురించి ఇంకో వీడియో చేస్తాను. "అయితే వజ్రాలే కొనొద్దా?" అంటారా, నేను ఆ మాట అనను. కోనోలో ఇప్పటికీ జల్లెడ పట్టుకుని బతికేవాళ్లున్నారు, మనం మానేస్తే ముందు పోయేది వాళ్ల కూడే. షాపులో మాత్రం "సర్టిఫికెట్ ఉందా?" అని ఆగిపోకండి. ఏ దేశం, ఏ గని, బిల్లు మీద రాసిస్తారా అని అడగండి. చాలాచోట్ల మళ్లీ ఆ క్యారెట్, కట్ కార్డే తీసి చూపిస్తారు.