మిత్రదేశం మీదికి సైన్యాన్ని పంపితే ఆపేదెవరు?

అందరికీ నమస్కారం. విషయం అమెరికాదే అయినా, మనలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కాబట్టి మరీ పరాయి సంగతి కాదు.

2025 జనవరి 7న, ఇంకా ప్రమాణ స్వీకారం కాకముందే, ట్రంప్‌ను విలేకరులు ఒకటి అడిగారు. గ్రీన్‌లాండ్ కోసం, పనామా కాలువ కోసం సైన్యాన్ని వాడనని హామీ ఇస్తారా అని. ఇవ్వలేనన్నారు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం. అమెరికా కూడా ఉన్న సైనిక కూటమి నాటోలో, అది పుట్టిన 1949 నుంచీ డెన్మార్క్ సభ్యదేశం. 1951 ఒప్పందం కింద అమెరికా స్థావరం ఆ దీవిలోనే, పిటుఫిక్‌లో, ఇప్పటికీ నడుస్తోంది. అఫ్గానిస్తాన్‌లో అమెరికాకు తోడుగా పోరాడుతూ డెన్మార్క్ 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది.

అలాంటి దేశం మీదికి అధ్యక్షుడు సైన్యాన్ని పంపితే? యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌దే, అంటే అక్కడి పార్లమెంటుదే. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటోను (తిరస్కరణను) కూడా కాదని 1973లో యుద్ధాధికారాల తీర్మానం తెచ్చారు. సైన్యాన్ని దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, 60 రోజుల్లో అనుమతి రాకపోతే వెనక్కి రప్పించాలి. జనాభా 60 వేలు కూడా లేని గ్రీన్‌లాండ్‌లో 60 రోజులంటే అంతా అయిపోయాక లెక్క చూసుకోవడమే.

గడువు దాకా ఆగకుండా, అధ్యక్షుడి సంతకంతో పనిలేకుండా, ఉభయ సభలూ కలిసి సైన్యాన్ని వెనక్కి పిలిచే వీలు కూడా మొదట్లో ఉండేది. 1983లో సుప్రీంకోర్టు ఇచ్చిన చద్దా తీర్పుతో దానికి బలం పోయింది. అది యుద్ధం కేసు కూడా కాదు. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి చద్దాను దేశం నుంచి పంపేయాలా వద్దా అన్న గొడవ! ఆ తర్వాత ఇలాంటి తీర్మానం ఏదైనా అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్లాల్సిందే. ఆయన వీటో చేస్తే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2019లో యెమెన్ విషయంలో, 2020లో ఇరాన్ విషయంలో సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

2023 చివర్లో ఇంకో చట్టం చేశారు. కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతో, కొత్త చట్టమో లేకుండా అధ్యక్షుడు అమెరికాను నాటో నుంచి బయటికి తీసుకురాకూడదు. బయటికి రావడం గురించి అంత పట్టుబట్టినవాళ్లు, లోపలే ఉండి సాటి సభ్యుడి మీద పడితే ఏమిటన్నది అందులో రాయలేదు. బహుశా ఎవరి ఊహకూ అంది ఉండదు.

నా దృష్టిలో నిజంగా పనిచేసేది ఖజానా ఒక్కటే. 1973 జూన్‌లో కంబోడియా మీద అమెరికా బాంబు దాడులకు నిధులు ఆపుతూ కాంగ్రెస్ బిల్లు పంపితే నిక్సన్ వీటో చేశారు. కానీ ప్రభుత్వం నడవడానికి డబ్బు కావాలి కదా, చివరికి రాజీపడి సంతకం పెట్టారు. ఆగస్టు 15న దాడులు ఆగాయి. అందుకే నాటో సభ్యదేశం మీద దాడికి ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టకూడదన్న వాక్యం రక్షణ నిధుల బిల్లులో ముందే ఉండాలంటాను. సర్వసైన్యాధ్యక్షుణ్ణి నేనే కదా అని అధ్యక్షుడు అనవచ్చు. కానీ మంజూరు కాని సొమ్మును తెలిసి తెలిసి ఖర్చు చేసే అధికారికి అక్కడి చట్టంలో రెండేళ్ల దాకా జైలు రాసి ఉంది. దాడి ఖర్చుల చెల్లింపు మీద సంతకం పెట్టాల్సింది ఆ అధికారే.