ఇంకొక్క రౌండే కదా

(ఒక బాక్సింగ్ శిక్షణ కేంద్రం వార్షికోత్సవంలో, 2025లో విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకీ, వేదిక మీది పెద్దలకీ, చాపల మీద కూర్చున్న పిల్లలకీ, ఆ ప్రహరీ గోడెక్కి కాళ్ళు ఊపుతున్న పిల్లలకీ నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్ళందరి పేర్లూ చదవమని నా చేతికో కాగితం ఇచ్చారు. పద్దెనిమిది పేర్లున్నాయి. అవి చదివి, ఒక్కొక్కరి గురించీ రెండేసి మంచి మాటలు చెప్పేసరికి గంట కొట్టేస్తారు. పెద్దలు మన్నించాలి. ఇంకో మాట. మధ్యలో నాకు చీటీ అందించాలన్నా, 'ఇక చాల్లెండి' అని చెప్పాలన్నా కుడివైపుకి వచ్చి చెప్పండి. ఎడమ చెవి వినపడదు. అదెందుకో దారిలో చెప్తాను.

నాకిచ్చిన అంశం 'క్రీడలు, క్రమశిక్షణ'. పొద్దున్నే లేవండి. కోచ్ మాట వినండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి పడుకోండి. అయిపోయింది.

ఇప్పుడు నేను వచ్చిన పని. మీకు పంచిన కార్యక్రమం కాగితంలో అన్నిటికన్నా కింద ఒక లైను ఉంది, చూశారా? 'సాయంత్రం 7 గంటలకు సీనియర్ బాక్సర్‌తో ప్రదర్శన పోటీ, మూడు రౌండ్లు.' ఆ సీనియర్ బాక్సర్ ఎవరో మీ అందరికీ తెలుసు. ఇదిగో, ముందు వరసలో అప్పుడే చేతులకి బ్యాండేజీ కూడా చుట్టేసుకుని కూర్చున్నాడు. నాకు తమ్ముడి లాంటివాడు. వాడికి 59. ఎదురుగా దిగే కుర్రాడికి 22. నెల రోజులుగా మా టీ కొట్టు దగ్గర ఇంకో టాపిక్ లేదు. మావాడు గెలుస్తాడా, పడిపోతాడా? ఎన్నో రౌండ్లో? కొంతమంది బిర్యానీ పందేలు కూడా కాశారు. మీలో ఎవరెవరు కాశారో నాకు తెలుసు, తలొంచుకోనక్కర్లేదు.

చిత్రమేంటంటే, మావాడు గెలుస్తాడని గట్టిగా బల్ల గుద్దేవాళ్ళలో ఒక్కడు కూడా జన్మలో గ్లోవ్స్ తొడిగినవాడు కాదు. 'వద్దురా' అనేవాళ్ళం మేం ముగ్గురం. ముగ్గురం దెబ్బలు తిన్నవాళ్ళమే. మేం నోరు తెరిస్తే చాలు, అటువైపు నుంచి ఒకటే మాట: 'ఏటి గురూ, ఫోర్‌మన్ గెలవలేదేటి?'

ఈ ఫోర్‌మన్ ఒకడు దొరికాడు అందరికీ. అమెరికా బాక్సర్, మహానుభావుడు, ఈ మార్చిలోనే 76 ఏళ్ళకి పోయాడు, ఆయన్నేమీ అనను. కానీ ఆయన పేరు చెప్పి ఎంతమంది ముసలివాళ్ళని రింగులోకి తోశామో! కాబట్టి ఆ కథేదో ఈ రోజు పూర్తిగా చెప్పుకుందాం.

1994 నవంబరు 5, లాస్ వేగాస్. జార్జ్ ఫోర్‌మన్‌కి 45 ఏళ్ళు. ఎదురుగా మైకేల్ మూరర్, 26 ఏళ్ళు, ఎడమచేతి వాటం, 35 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు, ఛాంపియన్. ఇరవై ఏళ్ళ కిందట ఆఫ్రికాలో, కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్న ఆ ఎర్ర నిక్కరే వేసుకుని దిగాడు ఫోర్‌మన్. తొమ్మిది రౌండ్లు మూరర్ కుడిచేతి జాబ్‌తో, అంటే చెయ్యి చాచి సూటిగా పొడిచే గుద్దుతో, ఆయన మొహం వాయగొట్టాడు. ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ మూరర్‌దే పైచెయ్యి. పదో రౌండ్లో ఒక పొట్టి కుడిచేతి దెబ్బ, గడ్డం మీద. చూస్తే పెద్దగా విసిరినట్టు కూడా ఉండదు. మూరర్ వెల్లకిలా పడ్డాడు, లెక్క పూర్తయ్యేదాకా లేవలేదు. ఫోర్‌మన్ వెళ్ళి మూలన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు.

ఆ వార్త పేపర్లో చదివిన రోజు నాకు 36 ఏళ్ళు. అప్పటికే మోకాళ్ళు పట్టేసేవి. పేపరు పట్టుకుని ఇంట్లో గంతులేశాను. మా ఆవిడ 'లాటరీ తగిలిందా' అంది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ మనసు బాగోకపోతే ఆ పదో రౌండు పెట్టుకుని చూస్తాను.

అయితే దానికి ముందూ వెనకా ఉన్నది మనం చూడం. ఫోర్‌మన్ పదేళ్ళు ఆట మానేసి, హ్యూస్టన్‌లో పాస్టరుగా ఉండి, 1987లో తిరిగొచ్చాడు. వచ్చినవాడు వెంటనే ఛాంపియన్ మీదికి వెళ్ళలేదు, ఏళ్ళ తరబడి చిన్నాచితకా పోటీలు ఆడాడు. 1991లో హోలీఫీల్డ్ చేతిలో ఓడాడు. 1993లో టామీ మోరిసన్ చేతిలో ఓడాడు. మూరర్‌తో గెలిచాక ఏం జరిగింది? ఐదు నెలలకి జర్మనీ నుంచి వచ్చిన ఆక్సెల్ షుల్జ్‌తో ఆడాడు. కన్ను మూసుకుపోయేలా వాచింది. ఫోర్‌మన్ గెలిచాడని జడ్జీలు తేల్చారుగానీ, చూసినవాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు. మళ్ళీ ఆడమంటే ఆడకుండా టైటిల్ వదిలేశాడు. ఇదెవరైనా చెప్తారా టీ కొట్టు దగ్గర? చెప్పరు. మనకి ఆ ఒక్క గుద్దు చాలు.

పిల్లలూ, మీకు పనికొచ్చే మాటొకటి చెప్తాను వినండి. వయసు మీద పడితే బాక్సర్‌కి ముందు పోయేవి కాళ్ళు. తర్వాత పోయేది ఆ క్షణంలో తప్పుకునే చురుకు. దెబ్బ రావడం కళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది, ఒళ్ళు కదలదు. మీ బస్సు మీ కళ్ళముందే వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడతారే, అలా ఉంటుంది. అన్నిటికన్నా చివర పోయేది గుద్దులో బలం. ఫోర్‌మన్ ఆస్తంతా అందులోనే ఉంది. అలీ ఆస్తి కాళ్ళలో ఉంది. అందుకే ఒకాయన్ని చూపించి ఇంకొకాయనకి జోస్యం చెప్పకూడదు.

అలీ మాటొచ్చింది. 1980 అక్టోబరు 2, మళ్ళీ లాస్ వేగాస్. అలీకి 38, రెండేళ్ళుగా రింగెక్కలేదు. ఎదురుగా లారీ హోమ్స్. ఒకప్పుడు అలీకి ఎదురుగా నిలబడి ప్రాక్టీసు ఇచ్చిన కుర్రాడు, అప్పటికి ఛాంపియన్. పోటీకి ముందు పేపర్లో అలీ ఫోటో వచ్చింది. నాకు 22 ఏళ్ళు. ఫోటో చూసి మా బ్యాచ్ అంతా ఊగిపోయాం. నడుం సన్నబడింది, జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది, అచ్చం కిన్షాసా అలీ! 'మూడు రౌండ్లలో తేల్చేస్తాడు' అని నేనే అన్నాను. నా జోస్యం అది. జుట్టుకి రంగు వేశారని, థైరాయిడ్ మాత్రలతో ఒళ్ళు తగ్గిందని, ఆ మాత్రలే ఒంట్లో సత్తువంతా పీల్చేశాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మనం చూసింది సన్నబడిన మనిషినని అనుకున్నాం. చిక్కిపోయిన మనిషిని చూశామన్నమాట.

ఆ రాత్రి అలీ ఒక్క రౌండు కూడా గెలవలేదు. కొట్టలేక హోమ్స్ రెఫరీ వైపు చూడడం మొదలుపెట్టాడు, 'ఆపండయ్యా' అన్నట్టు. పది రౌండ్లయ్యాక అలీ ట్రైనర్ ఏంజెలో డండీ పోటీ ఆపేశాడు. పక్కనే ఉన్న అలీ సహాయకుడు, 'బండిని' బ్రౌన్ అని, అలీ అంటే ప్రాణం పెట్టేవాడు, ఇంకొక్క రౌండ్ అని డండీని పట్టుకుని బతిమాలాడు. డండీ వినలేదు.

'ఇంకొక్క రౌండ్.' ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఫోర్‌మన్ మూరర్‌ని పడగొట్టిన రాత్రి ఫోర్‌మన్ మూలన, అంటే ఆయన ట్రైనర్‌గా, నిలబడ్డది ఎవరో తెలుసా? అదే డండీ. 1974లో ఫోర్‌మన్‌ని ఓడించిన అలీ మూలన ఉన్నదీ ఆయనే. ఆపాల్సిన రాత్రి ఆపాడు, ఆపక్కర్లేని రాత్రి ఆపకుండా ఊరుకున్నాడు. మనం మాత్రం బొమ్మలన్నీ ఫోర్‌మన్‌వే గోడకి అంటించుకుంటాం.

చీటీ వచ్చింది. 'క్లుప్తంగా' అట. సరే, సరే.

నిరుడు టైసన్ సంగతి మీకే తెలుసు. 58 ఏళ్ళు, ఎదురుగా యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న 27 ఏళ్ళ జేక్ పాల్. దానికి ముందు ఆర్నెల్లు ట్రైనర్ చేతికి తొడుక్కున్న ప్యాడ్లని టైసన్ కొట్టే వీడియోలే వీడియోలు. పది సెకన్ల ముక్క. ఈ కుర్రాళ్ళు నాకు చూపించి 'చూడు తాతా, ఏం స్పీడు!' ప్యాడ్లు తిరిగి కొట్టవు నాయనా! పదకొండో సెకనులో ఆయన ఒగరుస్తున్నాడేమో ఎవడు చూపించాడు? పోటీ రోజు మనకి శనివారం పొద్దున. నలభై మందిమి ఒక టీవీ ముందు. ఎనిమిది రౌండ్లు, రెండేసి నిమిషాలవే. టైసన్ 97 గుద్దులు విసిరితే 18 తగిలాయి, ఓడిపోయాడు. నాలుగో రౌండ్‌కి గదిలో సగం మంది ఇడ్లీలకి వెళ్ళిపోయారు. ఆ సగం మందే ముందురోజు దాకా 'నాకౌట్, నాకౌట్' అన్నవాళ్ళు.

అలాగని ముసలివాళ్ళ మీద పందెం కడితే ప్రతిసారీ పోతుందనీ కాదు. మొన్న జులైలో ఫిలిప్పీన్స్ బాక్సర్ పాక్వియావో 46 ఏళ్ళకి, నాలుగేళ్ళ విరామం తర్వాత వచ్చి, 30 ఏళ్ళ ఛాంపియన్ బారియోస్‌తో డ్రా చేశాడు. పన్నెండు రౌండ్లు! నేను పడిపోతాడన్నాను. 2019 డిసెంబరులో ఢిల్లీలో మేరీ కోమ్‌కీ మన నిఖత్ జరీన్‌కీ ట్రయల్, అంటే జట్టు ఎంపిక పోటీ, జరిగింది. నిఖత్ నిజామాబాద్ పిల్ల, మన విశాఖలో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలోనే చెమటోడ్చిన పిల్ల, 23 ఏళ్ళు. మేరీకి 37, పిల్లల తల్లి. నేను నిఖత్ మీద కాశాను. వయసు చూశాను, మన పిల్లని కూడా చూశాననుకోండి. మేరీ 9-1తో గెలిచింది. ఆ బిర్యానీ డబ్బులు నేనే కట్టాను. తర్వాత టోక్యోలో 38 ఏళ్ళ మేరీ ఒక్క జడ్జి తేడాతో ఓడింది. గెలిచాననుకుని చెయ్యెత్తింది పాపం. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది, ఆ నెల దాటగానే ట్రయల్లో మేరీ మోకాలు మెలిపడి మధ్యలోనే తప్పుకుంది. నా జోస్యాల లెక్క తీస్తే సగం కూడా నిజమవలేదు. ఇక్కడ ఎవరి లెక్కా అంతకన్నా బాగుండదు.

ఇప్పుడు ఎడమ చెవి.

1989. నాకు 31. ఆట మానేసి మూడేళ్ళయింది. ఉద్యోగం, పెళ్ళి, పొట్ట. డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీలు పెట్టారు. మా బ్యాచ్ మా క్యాంటీన్లో కూర్చుని తేల్చేసింది, అన్న దిగితే కప్పు మనదే అని. ఎదుటివాడికి 20 ఏళ్ళు. నా కార్నర్‌లో బకెట్టు, స్పాంజి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డది 23 ఏళ్ళ ఒక కుర్రాడు. నేనంటే వాడికి పిచ్చి.

మొదటి రౌండు నాదే. ఇప్పటికీ ఆ మూడు నిమిషాలు నా సొంతం. రెండో రౌండ్లో కాళ్ళు ఆగిపోయాయి. నేను తట్టుకోగలనో లేదో చూడ్డానికి రెఫరీ రెండుసార్లు ఎనిమిది లెక్కపెట్టాడు. స్టూలు మీద కూలబడ్డాను. ఆ కుర్రాడు నా మొహం మీద నీళ్ళు కొట్టి, భుజం పిసుకుతూ అన్న మాట నేను రెండు చెవులతో విన్న ఆఖరి మాట: 'ఇంకొక్క రౌండే కదా అన్నా! వాడు అలిసిపోయాడు!' రింగులోకి విసిరితే పోటీ ఆగిపోయే తువ్వాలు వాడి మెడలోనే ఉంది. నీలం గళ్ళ తువ్వాలు. మూడో రౌండ్లో పక్క నుంచి వచ్చిన హుక్కు దెబ్బ నాకు కనిపించింది. ఎడమ చెవి మీదికి వస్తోందని కూడా తెలుసు. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక కీచు శబ్దం, అది చాలా రోజులున్నాక నిశ్శబ్దం.

ఆ కుర్రాడు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. ముందు వరసలో బ్యాండేజీ చుట్టుకుని కూర్చున్నాడు. తలెత్తరా! తిట్టడానికి చెప్పట్లేదు. వాడి మీద నాకు కోపం లేదు అంటే అబద్ధం, ఉండేది. పదేళ్ళు ఉండేది. అయితే ముప్పై ఆరేళ్ళుగా వీడు టీ కొట్టు దగ్గర ఏనాడూ నా ఎడమ పక్కన కూర్చోలేదు. బెంచీ మీద చోటు లేకపోతే నిలబడతాడు, కుడివైపే. ఆ సంగతి వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను. ఇవాళ మైకు దొరికింది కాబట్టి ఎత్తాను.

నిర్వాహకులకి నేను వారం కిందటే చెప్పాను, ఈ ప్రదర్శన వద్దని. టికెట్లు అమ్ముడైపోయాయన్నారు. వాడికీ చెప్పాను. పాక్వియావో వీడియో చూపించాడు. సరే, దిగు. డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, బీపీ చూస్తారు. మందపాటి గ్లోవ్స్ వేసుకోండి ఇద్దరూ. ఏం బాబూ, 22 ఏళ్ళ బాబూ, నీకు చేతులెత్తి దండం పెడుతున్నా, తాత గుద్దు తగిలితే రోషం తెచ్చుకోకు.

కార్నర్‌లో నేనుంటాను. ఇప్పటిదాకా అక్కడ వేరేవాళ్ళ పేరుంది, ఆ పేరు కొట్టేయండి. తువ్వాలు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాను, ఇదిగో. వాడి కాళ్ళు ఆగిన క్షణం విసిరేస్తాను, మొదటి రౌండైనా సరే. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇంకొక్క రౌండే అని అరుస్తావు, నాకు తెలుసు. ఎడమవైపు నుంచి అరుచుకో, వినపడదు. బిర్యానీ పందేలు కాసినవాళ్ళకి కూడా ఇప్పుడే చెప్తున్నా, ఎవరు ఓడినా డబ్బులు నేనే కడతాను, గోల చెయ్యకండి.

మళ్ళీ చీటీ వచ్చింది. టిఫిన్లు వచ్చాయట, మిరపకాయ బజ్జీలు. పోటీలో దిగేవాళ్ళు తినకండి. నీకూ చెప్తున్నానురా, ముందు వరసా.