సీతాకోకచిలుకకు పూలొక్కటే చాలవు

[తెర మీద: మిద్దె మీద కుండీలో కరివేపాకు. చిగుళ్ల చుట్టూ ఒక సీతాకోకచిలుక తిరుగుతోంది. నల్లటి రెక్కలు, కింది రెక్కల మీద తెల్లటి, ఎర్రటి మచ్చలు.]

నమస్కారం అండీ. ఈ మొక్కకు ఒక్క పువ్వు కూడా లేదు. అయినా ఈ సీతాకోకచిలుక దీన్ని వదలట్లేదు, చూడండి. చిగురు మీద వాలి ముందుకాళ్లతో ఆకును తడుతోంది. ఆకు రుచి దానికి కాళ్లతోనే తెలుస్తుంది. కరివేపాకే అని తేలాక పొట్ట వంచి ఒక్క గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది.

దీని పేరు కామన్ మార్మన్. ఆ ఎర్రమచ్చలు అరువు వేషం. కామన్ రోజ్ అని ఇంకో జాతి ఉంది, ఒంట్లో విషం ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం దానిలాగే ఉంటాయి.

[క్లోజప్: లేత ఆకు మీద మిల్లీమీటరంత పసుపు గుడ్డు.]

సీతాకోకచిలుకలు రావాలంటే ఏ పూలు వేయాలి అని అడుగుతుంటారు. పూల కోసం వచ్చేవి తేనె తాగి వెళ్లిపోతాయి. మీ ఇంట్లోనే పుట్టి పెరగాలంటే గొంగళిపురుగుకు తిండి పెట్టాలి. ఒక్కో జాతి పురుగు కొన్ని ఆకులే తింటుంది. మార్మన్‌కు కరివేపాకు, నిమ్మ. లైమ్ బటర్‌ఫ్లైకి నిమ్మ, మారేడు. కామన్ క్రోకు గన్నేరు. పసుపు ఎమిగ్రెంట్లకు రేల, తంగేడు. స్థలం ఉంటే తంగేడు తప్పకుండా వేయండి, మన నేలకు నీళ్లు పెద్దగా అడగని మొక్క. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. ఆ పాలలోని విషాన్ని పురుగు ఒంట్లోనే దాచుకుంటుంది. దాంతో పెద్దయ్యాక కూడా పిట్టలు దాని జోలికి రావు.

[క్లోజప్: చిన్న పురుగు, తర్వాత పెద్ద ఆకుపచ్చ పురుగు.]

మళ్లీ కరివేపాకు దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, అందుకే పిట్టలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. చివరిసారి చర్మం విడిచాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. కుట్టదు, కరవదు.

ఇక్కడే చాలామంది వేపనూనె కొట్టేస్తారు. వేపనూనె సహజమైనదే, కానీ ఈ పురుగును అది కూడా చంపుతుంది. దయచేసి కొట్టకండి. వంటకు ఒక కుండీ, వీటికి ఒక కుండీ పెట్టుకోండి. పురుగు తినేసిన కొమ్మ మళ్లీ చిగురేస్తుంది. నర్సరీలో కూడా మందు కొట్టని మొక్కే అడిగి తెచ్చుకోండి.

[తెర మీద: ఎండ పడే మిద్దె, పూల కుండీలు.]

ఇక పూలు. నూరువరహాలు, బిళ్ళగన్నేరు, ఒంటిరెక్క బంతి, ఎండ బాగా తగిలేచోట. గట్టు మీద మొలిచే గడ్డిచామంతిని పీకకండి, చిన్న చిన్న సీతాకోకచిలుకలకు అదంటే ప్రాణం. లాంటానా మాత్రం వద్దు. తేనె ఉన్నమాట నిజమే, కానీ అది మన అడవులను కమ్మేస్తున్న మొక్క. ఒక పళ్లెంలో తడిమట్టి పోసి చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. ఆ లవణాల కోసం మగవి వచ్చి వాలతాయి.

తొలకరికి మొక్కలు నాటితే మంచిది. మన దగ్గర వానలు పడ్డాకే ఇవి ఎక్కువగా తిరుగుతాయి.

బాగా ఎదిగిన పురుగు ఒకరోజు కనిపించకుండా పోతే కంగారు పడకండి. పక్క కొమ్మకో గోడకో నడుముకు దారం కట్టుకుని ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక అయ్యేముందు కదలకుండా ఉండే దశకు, మారి ఉంటుంది. కుండీల చుట్టూ ఎండుపుల్లలు ఊడ్చేముందు ఒకసారి వెతకండి.