సర్క్యులర్ సా మన మీదికి ఎందుకు తన్నుతుంది? వాడకం, మెయింటెనెన్స్

ముందుగా ఇది చూడండి. ఈ ప్లగ్ బోర్డులో లేదు, బల్ల మీద ఉంది, మీకూ నాకూ కనబడేలా కావాలనే ఇక్కడ పెట్టాను. ఈ వీడియోలో నా చెయ్యి బ్లేడ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ప్లగ్ ఇక్కడే ఉంటుంది. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కదా, చాలు అనుకోవద్దు, మిషన్ అటూ ఇటూ తిప్పేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పడటం ఎంతసేపు? బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. వైరు లేదని దాన్ని తేలిగ్గా తీసుకుంటాం గానీ, బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ అది ప్లగ్ పెట్టి ఉన్నట్టే లెక్క.

ఇవాళ చేత్తో పట్టుకుని కోసే సర్క్యులర్ సా గురించి, చాలామంది కటింగ్ మిషన్ అంటారే, దాని గురించి మాట్లాడుకుందాం. దీని గురించి ఎవరిని అడిగినా బ్లేడ్‌కి దూరంగా ఉండమంటారు. మంచి మాటే, కానీ బ్లేడే మన దగ్గరికి వస్తే? అది ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ బట్టీ పట్టక్కర్లేదు, వాటంతట అవే అర్థమవుతాయి.

బ్లేడ్ ఎటు తిరుగుతుందో చేత్తో మెల్లగా తిప్పి చూపిస్తున్నాను. ముందు వైపు పళ్ళు కింది నుంచి పైకి వస్తాయి, అందుకే కోస్తున్నంతసేపూ అడుగు ప్లేటు చెక్కకి అదిమి పెట్టినట్టు ఉంటుంది. మరి వెనక వైపు పళ్ళు? అవి పైనుంచి కిందికి దిగుతాయి. అడుగున ఉన్న పళ్ళు మన నుంచి అవతలికి పోతాయి. ఇప్పుడు కోత మధ్యలో ఉండగా చెక్క కుంగి, కోసిన గాడి మూసుకుపోయి, బ్లేడ్‌ని రెండు పక్కల నుంచీ పట్టేసిందనుకోండి. మోటార్ ఊరుకోదు, తిప్పుతూనే ఉంటుంది. వెనక పళ్ళు చెక్కని కిందికి తొయ్యాలని చూస్తాయి, చెక్క కదలదు, దాంతో మిషనే పైకి లేస్తుంది. అడుగు పళ్ళు చెక్కని ముందుకి నెట్టాలని చూస్తాయి, చెక్క కదలదు, దాంతో మిషనే వెనక్కి వస్తుంది. పైకీ వెనక్కీ కలిపితే నేరుగా మన మీదికి. కిక్‌బ్యాక్ అంటే ఇదే. 185 మిల్లీమీటర్ల బ్లేడ్ చుట్టుకొలత సుమారు 58 సెంటీమీటర్లు, అది నిమిషానికి 5,500 సార్లు తిరిగితే పళ్ళ వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. గట్టిగా పట్టుకుంటే ఆపగలను అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. చెక్క బ్లేడ్‌ని పట్టెయ్యకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

నాకు ఇది జరిగింది కాబట్టే ఇంతగా చెబుతున్నాను. పెద్ద ప్లైవుడ్ షీట్‌ని రెండు చివర్లా రెండు స్టూళ్ళ మీద పెట్టి, నడి మధ్యలో గీత గీసి కోయడం మొదలుపెట్టాను. సగం దాకా బాగానే సాగింది. ఇంకో జానెడు ఉందనగా మిగిలిన ప్లై ఆ బరువు మోయలేక కుంగిపోయింది, పైన గాడి నోరు మూసుకుంది, మిషన్ ఒక్క ఉదుటున లేచి వచ్చి నా తొడకి గుద్దుకుంది. గుద్దింది బ్లేడ్ కాదు, గార్డ్, అంటే బ్లేడ్ కింది సగాన్ని కప్పి ఉంచే, స్ప్రింగ్‌తో తనంత తాను మూసుకునే మూత. ఆ క్షణంలో గార్డ్ టక్కున మూసుకుంది కాబట్టి తొడ కమిలి ఊరుకుంది. దానికి స్ప్రింగ్ సరిగ్గా లేకపోయి ఉంటే ఏమై ఉండేదో ఇప్పటికీ తలుచుకోవాలంటే భయం వేస్తుంది.

అందుకని ప్లై షీట్ ఎలా పెట్టాలో చూడండి. నేల మీద నాలుగు రీపర్లు, అంటే పొడుగాటి చెక్క పట్టీలు, పరిచాను. గీతకి ఇటు రెండు, అటు రెండు, అందులో ఒక్కొక్కటి గీతకి బాగా దగ్గరగా. కోత పూర్తయ్యాక కూడా రెండు ముక్కలూ ఎక్కడివక్కడే పడుకుని ఉంటాయి, ఏదీ కుంగదు, ఏదీ జారదు. రీపర్లు లేకపోతే గట్టి ఫోమ్ షీట్ మీద పరుచుకుని కోసినా బాగుంటుంది, ఫోమ్ కొంచెం కోసుకుపోతుంది, పోతే పోనీ.

పొడుగు చెక్కని అడ్డంగా కోసేటప్పుడు మాత్రం పద్ధతి వేరు. మనకి కావలసిన ముక్క బల్ల మీద క్లాంప్‌తో బిగించి ఉండాలి, తీసేసే ముక్క బల్ల బయటికి ఉండి కోత అవ్వగానే కింద పడిపోవాలి. అది కిందికి వంగేకొద్దీ గాడి తెరుచుకుంటుంది, బ్లేడ్‌ని పట్టదు. తీసేసే ముక్క మరీ పొడుగ్గా, బరువుగా ఉంటే చివర్లో పేడు లేచిపోతుంది కాబట్టి దానికీ కింద ఒక ఆధారం ఇవ్వండి. అడుగు ప్లేటులో వెడల్పు భాగం ఎప్పుడూ బిగించి ఉన్న ముక్క మీదే ఉండాలి, పడిపోయే ముక్క మీద ఉంటే కోత చివర్లో మిషన్ దానితో పాటే ఒరిగిపోతుంది. ఇంకొకటి, చిన్న ముక్కే కదా అని ఒక చేత్తో చెక్క, ఒక చేత్తో మిషన్ పట్టుకోవడం, తొడ మీద పెట్టుకుని కోయడం, ఈ రెండూ దయచేసి ఎప్పుడూ చెయ్యకండి. చిన్న ముక్కకే క్లాంప్ అవసరం ఎక్కువ.

ఇక లోతు. వెనక ఈ లివర్ వదులు చేసి, మిషన్‌ని చెక్క పక్కన పెట్టి చూడండి, బ్లేడ్ చెక్క అడుగు నుంచి ఒక పన్ను మేర, అంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు బయటికి కనబడితే చాలు. చాలామంది లోతు మొత్తం దింపేసి అన్నిటికీ అదే వాడుతుంటారు. దానివల్ల చెక్క లోపల బ్లేడ్ భాగం పెరుగుతుంది, పట్టేస్తే గట్టిగా పట్టేస్తుంది, పైగా కింద కనబడని చోట అంత బ్లేడ్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. కోసే ముందు కింద ఏముందో ఒక్కసారి వంగి చూసుకోండి. వైరు ఉండొచ్చు, బల్ల కాలు ఉండొచ్చు, చెక్క పట్టుకున్న మీ వేళ్ళే ఉండొచ్చు.

గార్డ్ గురించి ఇంకా చెప్పాలి. ఇదిగో, ఈ లివర్‌తో కింది గార్డ్‌ని పూర్తిగా వెనక్కి లాగి వదిలేస్తున్నాను. టక్. ఈ శబ్దం రావాలి. మెల్లగా జారుకుంటూ వచ్చినా, మధ్యలో ఎక్కడైనా ఆగినా ఆ మిషన్‌తో ఆ రోజు పని చెయ్యకూడదు. ఎక్కువసార్లు కారణం చిన్నదే, రంపపు పొట్టూ చెక్క బంకా కలిసి గార్డ్ లోపల గట్టిపడి ఉంటాయి, బ్రష్‌తో తీసేస్తే పోతుంది. అది శుభ్రం చేశాక కూడా బద్ధకంగా కదిలితే స్ప్రింగ్ మార్పించాలి. గార్డ్ అడ్డం వస్తోందని మేకు దూర్చో, తీగతో కట్టేసో తెరిచి ఉంచేవాళ్ళు ఉన్నారు, అలా కట్టేసిన మిషన్‌ని ట్రిగ్గర్ వదిలీ వదలక నేల మీద పెడితే, ఇంకా తిరుగుతున్న బ్లేడ్ చక్రం లాగా నేలని పట్టుకుని పరిగెత్తుతుంది. ఎవరి కాలు ఉంటే వాళ్ళ కాలు. మీ పక్కన ఎవరైనా అలా వాడుతుంటే, ఏమనుకుంటారో అని ఆగకుండా చెప్పండి.

కోసేటప్పుడు నిలబడేది బ్లేడ్ గీతకి సూటిగా కాదు, కొంచెం పక్కకి. రెండు చేతులూ రెండు హ్యాండిళ్ళ మీద. బ్లేడ్ పూర్తి వేగం అందుకున్నాకే చెక్కని తాకించాలి, ఆ తర్వాత తోసెయ్యకుండా, అది ఎంత తింటే అంతే ముందుకి పోనివ్వాలి. గీత తప్పుతోంది అనిపిస్తే లోపల ఉండగానే మెలితిప్పి సరిచెయ్యడం వద్దు, మెలి తిరిగితే గాడిలో బ్లేడ్ మళ్ళీ పట్టేస్తుంది. ట్రిగ్గర్ వదలండి, బ్లేడ్ పూర్తిగా ఆగేదాకా కదపకుండా అలాగే పట్టుకోండి, అప్పుడే బయటికి తియ్యండి. తిరుగుతుండగా వెనక్కి లాగితే మనమే కిక్‌బ్యాక్‌ని పిలిచినట్టు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు బ్లేడ్‌ని గాడి మధ్యలో ఉంచి, పళ్ళు దేనికీ తగలడం లేదని చూసుకుని స్టార్ట్ చెయ్యండి.

చాలామంది చిన్న యాంగిల్ గ్రైండర్‌కి పళ్ళ బ్లేడ్ తగిలించి చెక్క కోస్తుంటారు. దయచేసి మానుకోండి. గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది, దానికి చెక్క మీద ఆనించే ప్లేటు లేదు, తనంత తాను మూసుకునే గార్డ్ లేదు. అందులో బ్లేడ్ పట్టేస్తే ముఖానికీ మెడకీ తగలడానికి ఎంతో దూరం ఉండదు. అసలు ఏ బ్లేడ్ కొన్నా దాని మీద గరిష్ఠ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్నిసార్లు తిరగొచ్చో రాసి ఉంటుంది, మీ మిషన్ మీద రాసిన ఆర్‌పీఎం దానికంటే తక్కువ ఉండాలి, లేదా సమానంగా ఉండాలి. మధ్య రంధ్రం కూడా మిషన్‌కి సరిగ్గా సరిపోవాలి, దొరికిన వాషర్లు పెట్టి సర్దకూడదు.

బ్లేడ్ మార్చడం చూద్దాం. ప్లగ్ అక్కడే ఉంది, చూశారుగా. బ్లేడ్ ఇరుసు తిరక్కుండా పట్టే ఈ స్పిండిల్ లాక్ నొక్కి పట్టుకుని బ్లేడ్‌ని మెల్లగా తిప్పితే ఒక చోట లాక్ పడుతుంది, అప్పుడు ఎల్-కీతో బోల్టు తిప్పాలి. ఎటు తిప్పాలో అని చాలామందికి టెన్షన్. దాదాపు అన్ని మిషన్లలోనూ బ్లేడ్ కోసేటప్పుడు ఎటు తిరుగుతుందో అటే తిప్పితే వదులవుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. కొత్త బ్లేడ్ మీది బాణం గుర్తూ, గార్డ్ మీది బాణం గుర్తూ ఒకే వైపు చూపించాలి. పళ్ళ సంఖ్య విషయానికొస్తే, ఈ సైజులో 24 పళ్ళది మొరటు పనికి, నిలువు కోతకి త్వరగా పోతుంది, అడ్డకోతకి 40 బాగుంటుంది, ప్లై అంచు నున్నగా రావాలంటే 60. ముందు పళ్ళు పైకి వస్తాయని చెప్పాను కదా, అందుకే పేడు లేచేది పై ముఖం మీద. మంచి ముఖం కిందికి పెట్టి కోయండి.

కోస్తుంటే చెక్క నల్లబడటం, పొగ రావడం, తొయ్యాల్సి రావడం, ఇవి కనబడగానే బ్లేడ్ మొద్దుబారిందని పారేయకండి. ముందు బంక ఉందేమో చూడండి. బ్లేడ్ ఊడదీసి, వేడి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడో, వంట సోడానో వేసి ఒక పావుగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో పన్ను పన్నూ రుద్దండి. స్టీలు బ్రష్ వద్దు. కడిగాక పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే తుప్పు. అప్పుడు కూడా కోత బరువుగా ఉంటే సాన పట్టించే సమయం వచ్చినట్టు. పళ్ళ కొసలకి అతికించిన గట్టి కార్బైడ్ ముక్క ఒక్కటి ఊడినా, బ్లేడ్ మీద సన్నటి పగులు కనబడినా ఇక ఆ బ్లేడ్ వాడొద్దు. మొద్దు బ్లేడ్‌తో బలంగా తొయ్యాల్సి వస్తుంది, తోస్తే చెయ్యి అదుపు తప్పుతుంది, మోటారూ వేడెక్కుతుంది. పాత చెక్క కోసే ముందు మేకులు వెతికి తీసేయండి, ఒక్క మేకు చాలు, పళ్ళు పోవడానికి.

మోటార్ గాలి రంధ్రాల్లో పొట్టు నిండకుండా, పని అయ్యాక బ్రష్‌తో గానీ, తక్కువ ఒత్తిడి గాలితో గానీ కొట్టేయండి, కళ్ళద్దాలు పెట్టుకుని. రంధ్రాల నుంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనబడినా, మిషన్ ఆగి ఆగి తిరిగినా కార్బన్ బ్రష్‌లు, అంటే మోటార్‌లో తిరిగే భాగానికి కరెంట్ అందించే చిన్న ముక్కలు, అరిగాయేమో చూడాలి. బయట రెండు మూతలుంటే అవి విప్పితే వస్తాయి. పొడవు 5, 6 మిల్లీమీటర్లకి వస్తే, లేదా దాని మీద అరిగే గీత దాకా వస్తే, రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి బాగానే ఉంది కదా అని ఉంచెయ్యొద్దు. కొత్తవి వేశాక ఏమీ కోయకుండా కొన్ని నిమిషాలు ఊరికే తిప్పితే అవి సర్దుకుంటాయి. బ్రష్‌లెస్ మోటార్ అయితే ఈ పని ఉండదు.

వైరు మీద చెయ్యి పెట్టి చివరి దాకా తడుముతూ రండి, చీలిక ఉంటే టేపు చుట్టి సరిపెట్టకుండా వైరే మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజ్ పడిపోయి మోటార్ కాలిపోతుంది. 1,200 వాట్ల మిషన్ 230 వోల్ట్‌ల మీద 5 ఆంపియర్ల పైన తీసుకుంటుంది, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి, రీలు అయితే మొత్తం విప్పెయ్యండి, చుట్టి ఉంటే లోపల వేడెక్కుతుంది. లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్, ఉండాలి. తడి నేల, తడి చెక్క, వాన, వీటిలో మిషన్ బయటికి తియ్యొద్దు.

వదులు చొక్కా చేతులు, మెడలో వేలాడే గుడ్డ, విరబోసిన జుట్టు, ఇవేవీ ఉండకూడదు. కళ్ళద్దాలు సరే, అందరూ చెబుతారు, చెవుల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పనిచేసే చోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబుల్స్ శబ్దం రోజుకి 8 గంటలు వినొచ్చు, ప్రతి 3 డెసిబుల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది, 100 చేరేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఈ మిషన్లు 100 చుట్టుపక్కల శబ్దం చేస్తాయి. చెవిలో ప్లగ్‌లు పెట్టుకోండి, పోయిన వినికిడి తిరిగి రాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఎన్95 లాంటి మాస్క్ కావాలి. చెక్క పొడి మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే ప్రచురించింది.

మిషన్ దాచేటప్పుడు గార్డ్ మూసి, వైరుని బిగించకుండా వదులుగా చుట్టి, తేమ లేని చోట, పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. బ్యాటరీ విడిగా. ఇప్పుడు గార్డ్ ఇంకోసారి లాగి వదులుతున్నాను, వినండి. టక్. ఎల్-కీ తీసేశాను, షీట్ కింద రీపర్లు సర్దాను. ఇప్పుడు ప్లగ్ పెడుతున్నాను, మీరు కొంచెం పక్కకి జరగండి.