కడుపు తొమ్మిది నెలలు, కాగితం పదిహేను నెలలు

అందరికీ నమస్కారం.

సొంతంగా పని చేసుకునే ఆడవాళ్లు ప్రసూతి భత్యం ఎలా క్లెయిమ్ చేసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. ఫారం ఎలా నింపాలో చెప్తానని మీలో చాలామంది పెన్నూ పుస్తకం తీసి కూర్చున్నారు. ఫారం నింపడం అరగంట పని. దానికి ముందు ఏడాది పైగా జరిగిన వ్యవహారం గురించే నేను ఎక్కువ మాట్లాడతాను. డబ్బు వచ్చేదీ పోయేదీ అక్కడే.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను చిన్న చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తాను. నా దగ్గరికి టైలర్లు వస్తారు, ట్యూషన్లు చెప్పేవాళ్లు వస్తారు, ఫొటోలు తీసేవాళ్లు, ఇంట్లో కూర్చుని డిజైన్లు గీసేవాళ్లు వస్తారు. వాళ్లందరి పన్ను రిటర్నులూ గడువులోపు వేయించాను. నా మొదటి కాన్పుకి భత్యం అడిగితే, ఫలానా ఏడాదికి మీ చందా, అంటే ఆ భత్యం ఇచ్చే బీమా నిధికి మనం కట్టే వాటా, జమ కాలేదని ఉత్తరం వచ్చింది. ఎందుకు జమ కాలేదంటే, నా రిటర్న్ నేను ఆలస్యంగా వేసుకున్నాను. అందరి లెక్కలూ రాసే మనిషి తన లెక్క రాసుకోలేదు. అది ఏ ఆఫీసో, ఎక్కడో చెప్పను. వాళ్ల తప్పు కొంత ఉంది, నా తప్పు ఎక్కువ ఉంది.

అప్పటికి నాకు అయిదో నెల. నిబంధనలు తీసి చదవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. చదివితే ఏమైంది? ఆ నిబంధనలు నా కడుపు గురించి అడగడం లేదు. కడుపు రాకముందు నేనేం చేశానని అడుగుతున్నాయి.

దీనికి మూలం చాలా పాతది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన ఏడాదే ప్రసూతి రక్షణ మీద ఒక ఒప్పందం చేసింది, దాని మూడో ఒప్పందం అది. పరిశ్రమల్లో, వాణిజ్య సంస్థల్లో పనిచేసే ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశారు. 2000లో తెచ్చిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల సెలవు ఉండాలని, భత్యాన్ని సంపాదనను బట్టి కడితే అది మూడింట రెండు వంతులకు తగ్గకూడదని చెప్పింది. కానీ అందులో కూడా మాట "ఉద్యోగంలో ఉన్న స్త్రీలందరూ" అనే. అంటే ఎదురుగా ఒక యజమాని ఉన్నాడని అనుకుని కట్టిన ఇల్లు ఇది. సెలవు చీటీ ఇవ్వడానికి ఒకరు, దాని మీద సంతకం పెట్టడానికి ఇంకొకరు. మన విషయంలో ఆ ఇద్దరూ మనమే. భారతదేశం చూడండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాలను 26 వారాలు చేశారు. మంచిదే. ఈఎస్ఐ లేనిచోట ఆ 26 వారాల జీతం భరించేది యజమాని. యజమాని లేని మనిషికి ఆ 26 అంకె పేపర్లో చదువుకోవడానికి పనికొస్తుంది. ఆమెకి మిగిలింది ప్రధానమంత్రి మాతృ వందన యోజన, మొదటి బిడ్డకి 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. అందులో చందా లేదు, రిటర్న్ లేదు, గర్భిణిగా పేరు నమోదు చేయించుకోవడం, పరీక్షలు, టీకాలు చూస్తారు. అది సాయం. పోయిన సంపాదనకి బదులు అనలేం.

కొన్ని దేశాలు మాత్రం సొంతంగా పనిచేసేవాళ్లను కూడా చందాదారులుగా చేర్చుకున్నాయి. అక్కడ అసలు ఆట మొదలవుతుంది. చందా ఎప్పుడు కట్టారన్నది చూస్తారు, ఆ "ఎప్పుడు" అన్నది ఎప్పుడూ వెనక్కే చూస్తుంది.

బ్రిటన్‌నే కాస్త వివరంగా చెప్తాను, అంకెలతో చూస్తే బాగా అర్థమవుతుంది. అక్కడ సొంత పని చేసుకునేవాళ్లకి మెటర్నిటీ అలవెన్స్ అని 39 వారాల వరకు ఇస్తారు. ప్రసవం జరగాల్సిన వారానికి ముందున్న 66 వారాలు తీసుకుని, అందులో కనీసం 26 వారాలు మీరు స్వయం ఉపాధిలో నమోదై ఉన్నారా అని చూస్తారు. 66 వారాలంటే పదిహేను నెలలు. కడుపులో బిడ్డ పడకముందు ఆరు నెలలు అందులో ఉన్నాయి. తర్వాత, ఆ 66 వారాల్లో కనీసం 13 వారాలకి క్లాస్ 2 నేషనల్ ఇన్సూరెన్స్ చందా, అంటే సొంత పనివాళ్లు అక్కడి ప్రభుత్వ బీమాకి కట్టే చందా, పడిందా అని చూస్తారు. పడితే 2025-26 లెక్కన వారానికి 187.18 పౌండ్లు. పడకపోతే 27 పౌండ్లకి దిగిపోవచ్చు.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఉంది. ఏడాది లాభం ఒక హద్దు దాటితే, అదే 2025-26కి 6,845 పౌండ్లు, చందా కట్టినట్టే లెక్క వేస్తారు, చేతి నుంచి కట్టనక్కర్లేదు. హద్దు లోపల ఉన్నవాళ్లు కట్టడం వాళ్ల ఇష్టం. "ఇష్టం" అన్న మాట చూడగానే మనం ఏమనుకుంటాం? నాకు అక్కర్లేదులే అనుకుంటాం. ఆ ఇష్టంగా కట్టే చందా అదే ఏడాది లెక్కన వారానికి 3.50 పౌండ్లు. 13 వారాలకి 45 పౌండ్ల 50 పెన్నీలు. అది కట్టిన మనిషికి 39 వారాల్లో దాదాపు 7,300 పౌండ్లు వస్తాయి. కట్టని మనిషికి 27 చొప్పున 1,053 వస్తాయి. నలభై అయిదు పౌండ్ల దగ్గర ఆరు వేల పౌండ్లు జారిపోతాయి. పైగా జారేది ఎవరికి? లాభం తక్కువ ఉన్న మనిషికి. ఒక ఊరట ఏమిటంటే, అర్జీ పెట్టాక చందా చాలలేదని తేలితే, మామూలు గడువు దాకా ఆగకుండా అప్పుడే కట్టి లోటు పూడ్చుకునే దారి అక్కడ ఉంది. అలా కట్టమని ఉత్తరం వచ్చినప్పుడు బిల్లు అనుకుని పక్కన పడేయకూడదు.

అన్నిచోట్లా ఆ దారి ఉండదు. ఫిలిప్పీన్స్‌లో 2019 చట్టంతో ప్రసూతి సెలవును 105 రోజులు చేశారు, సొంతంగా పనిచేసే సభ్యులకీ భత్యం వస్తుంది. మూడు నెలల చందా ఉంటే చాలు. మూడే కదా అనిపిస్తుంది. కానీ కాన్పు జరిగే అర్ధ సంవత్సరంలో కట్టిన చందా లెక్కలోకి రాదు, దానికి ముందున్న 12 నెలల్లో కట్టి ఉండాలి. డిసెంబరులో కాన్పు అయితే జులై నుంచి కట్టిందంతా ఆ క్లెయిమ్‌కి పనికిరాదు. సొంత పని చేసుకునేవాళ్లు తప్పిన నెలలకి వెనక్కి వెళ్లి కట్టడానికీ లేదు. నెలలు నిండేకొద్దీ టెన్షన్ పెరిగి ఆరు నెలల చందా ఒకేసారి కట్టేసినా, తలుపు అప్పటికే మూసేసి ఉంటుంది.

కెనడా పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ సొంత పనివాళ్లు ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అనే ప్రభుత్వ బీమాలో తమంతట తాము చేరాలి. 2010 నుంచి చేరనిచ్చారు, 2011 నుంచి క్లెయిములు మొదలయ్యాయి. ప్రసూతికి 15 వారాల వరకు, సంపాదనలో 55 శాతం, దానికి ఒక గరిష్ఠ పరిమితి. కానీ చేరాక 12 నెలలు ఆగాలి. కడుపు తొమ్మిది నెలలే కదా. నెల తప్పిందని తెలిశాక చేరిన మనిషికి పురిటి నాటికి ఏడాది నిండదు. దీనికి ఇంకో మెలిక ఉంది. ఒక్కసారి భత్యం తీసుకున్నారా, మీరు సొంత పని చేసినంత కాలం ఆ చందా కడుతూనే ఉండాలి, బయటికి రావడానికి లేదు. చేరిన 60 రోజుల్లోపు మాత్రం వద్దనుకోవచ్చు. ఇది అన్యాయం అని కొందరు అంటారు, నాకు అలా అనిపించదు. పిల్లలు పుట్టే రెండు మూడేళ్లు చేరి, తీసుకుని వెళ్లిపోతే ఆ నిధిలో డబ్బు ఎవరు వేస్తారు? కానీ ఇరవై ఏడేళ్ల అమ్మాయి సంతకం పెట్టేముందు తెలిసి పెట్టాలి. కెనడాలోనే ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో మాత్రం 2006 నుంచి వాళ్లదే వేరే పథకం, సొంత పనివాళ్లు కూడా అందులోనే ఉంటారు.

ఇప్పుడు కాస్త చేదు మాట. లెక్కలు రాసేదాన్ని కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మనలో చాలామందికి లాభం తక్కువ చూపించడం తెలివి. పన్ను తగ్గుతుంది కదా. నగదు వచ్చింది రాయం, ఖర్చులు కొంచెం గట్టిగా రాస్తాం. మరి భత్యం కట్టేవాళ్లు ఏ కాగితం చూస్తారు? అదే కాగితం. ఐర్లండ్‌లో ఏడాదికి 5,000 యూరోలు, ఆపైన ఆదాయం చూపించి, సొంత పనివాళ్లు కట్టే క్లాస్ ఎస్ చందా కడితే ఆ ఏడాదికి 52 వారాల చందా పడుతుంది. సొంత పనివాళ్లకి 26 వారాల ప్రసూతి భత్యం రావాలంటే ఆ 52 కావాలి. 4,800 చూపించిన మనిషి ఆ ఏడాది కొంచెం పన్ను మిగుల్చుకుని, ఆరు నెలల భత్యానికి అడ్డం పడుతుంది. తను నిజంగా సంపాదించింది ఏడు వేలని ఆఫీసులో చెప్పుకోలేదు కూడా. చెప్తే ఇంకో గొడవ.

నా దగ్గరికి వచ్చిన ఒకామె, "నేనే కదా తక్కువ రాయమన్నది" అని చాలాసేపు అలాగే కూర్చుంది. నేను కూడా రాశాను కదా, నాకూ ఏమనాలో తెలియలేదు. ఇప్పుడు పెళ్లయినవాళ్లు, పిల్లలు కావాలనుకునేవాళ్లు వస్తే రిటర్న్ వేసేముందే అడుగుతాను. మొదట్లో మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు.

పని ఆపడం గురించి. ఉద్యోగికి సెలవంటే రేపటి నుంచి రానవసరం లేదు. మనకి ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, ఫోన్ మోగుతూనే ఉంటుంది, మూడు నెలలు పలకకపోతే కస్టమర్ ఇంకొకరిని వెతుక్కుంటాడు. భత్యం తీసుకుంటూ పని చేయకూడదన్నది చాలా దేశాల నియమం. బ్రిటన్‌లో భత్యం పోకుండా 10 రోజులు పని చేసుకోవచ్చు. ఒక రోజులో గంట చేసినా రోజు కిందే లెక్క. అందుకని ఆ పది రోజులనీ చిల్లర పనులకి ఖర్చు పెట్టేయకండి, ఒకే రోజున నాలుగు పనులు పెట్టుకోండి. ఇంకొకటి, పాత పనికి డబ్బు ఆలస్యంగా రావడం మనకి మామూలే. సెలవులో ఉండగా ఖాతాలో డబ్బు పడితే పని చేశారా అని అడగొచ్చు. అందుకని ప్రతి బిల్లు మీదా బిల్లు తేదీతో పాటు పని ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశారో రాయండి. చిన్న అలవాటే కానీ సంజాయిషీ ఇచ్చుకునే పని తప్పుతుంది.

మీలో కొందరి పేరు మీద వ్యాపారమే ఉండదు. బోర్డు మీద ఆయన పేరు, గల్లాపెట్టె దగ్గర మీరు. లెక్కలు మీవి, సరుకు తెప్పించడం మీది, చేతికి జీతం మాత్రం లేదు. కాగితాల్లో మీరు ఖాళీగా ఇంట్లో ఉన్న మనిషి. యూరోపియన్ యూనియన్ 2010లో ఇచ్చిన ఆదేశం ఒకటి, 41వ నంబరుది, సొంత పని చేసే స్త్రీలకే కాకుండా అలా భర్త వ్యాపారంలో పనిచేసే భార్యలకి కూడా కనీసం 14 వారాల ప్రసూతి భత్యం దొరికేలా చూడాలంది. చేరడం తప్పనిసరా, ఇష్టమా అన్నది ఆయా దేశాలకి వదిలేసింది. బ్రిటన్‌లో కూడా అలాంటివాళ్లకి వారానికి 27 పౌండ్ల చొప్పున 14 వారాలు ఇస్తారు. ఇరవై ఏడు పౌండ్లకి ఏమొస్తుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆమె పని చేసిందని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకుంది, అంతే.

అర్జీ పెట్టే సమయం గురించి రెండు ముక్కలు. మరీ ముందు పెట్టనివ్వరు, ఆలస్యమైతే వెనక్కి ఇవ్వడానికి హద్దు ఉంటుంది. బ్రిటన్‌లో 26 వారాల గర్భం నిండాక పెట్టాలి, ఆలస్యమైతే మూడు నెలల వరకే వెనక్కి ఇస్తారు. ఐర్లండ్‌లో సొంత పనివాళ్లని సెలవుకి 12 వారాల ముందే పెట్టమంటారు, ఉద్యోగులకి ఆరు వారాలు చాలు. మన చందా వివరాలు వెతకడానికి వాళ్లకి ఎక్కువ సమయం పడుతుందన్నమాట. ప్రసవ తేదీ రాసి డాక్టరో మంత్రసానో ఇచ్చే అసలు పత్రమే పంపమంటే పంపండి, కానీ ఫొటో తీసుకుని పెట్టుకోండి.

ఇంకో విషయం, చెప్పడం కష్టమే. బిడ్డ దక్కకపోతే భత్యం ఉండదనుకుని అర్జీ వెనక్కి తీసుకున్నవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. బ్రిటన్‌లో 24 వారాల గర్భం తర్వాత బిడ్డ చనిపోయి పుట్టినా తల్లికి భత్యం పూర్తిగా వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో గర్భస్రావానికి 60 రోజులు ఉన్నాయి. ఆ సమయంలో ఆమె కాగితాలు చదివే స్థితిలో ఉండదు. పక్కనున్నవాళ్లు ఎవరైనా చదవాలి.

చివరగా, కాదన్నప్పుడు. మొదటి ఉత్తరంలో కాదన్నంత మాత్రాన తేలిపోయినట్టు కాదు. కారణం రాతపూర్వకంగా అడగొచ్చు, మళ్లీ చూడమనొచ్చు, ఆ పైన అప్పీలు ఉంటుంది. ప్రతి మెట్టుకీ గడువు ఉంటుంది, బ్రిటన్‌లో మళ్లీ చూడమనడానికి ఒక నెల.

నా రెండో కాన్పుకి భత్యం మొదటి వారం నుంచీ వచ్చింది, అడ్డం ఏమీ రాలేదు. ఆ ఫైల్ తయారు చేసుకునేటప్పుడు మొదటిసారి వచ్చిన ఉత్తరం దొరికింది. ఆలస్యంగా వేసిన రిటర్న్‌కి కూడా కారణం చూపించి పునఃపరిశీలన అడగొచ్చని, అందుకు గడువు ఉత్తరం అందిన రోజు నుంచి ఇన్ని రోజులని, అందులో స్పష్టంగా ఉంది. వెనక పక్కన. నేను ఆ కాగితం అప్పుడు తిప్పి చూడలేదు.

ఇక అడగండి.