పసిబిడ్డ పిండికి ఎండ, తేమ

శ్రోతలకు నమస్కారం.

కిందటి వేసవిలో మా అక్క కూతురు తొమ్మిది నెలల బిడ్డను ఎత్తుకుని శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురంలోని అత్తవారింటికి బయలుదేరింది. ఆ రోజు మా అక్క తెల్లవారుజామునే లేచి, చోళ్ళు (రాగులు) వేయించి, మిక్సీ పట్టి, ఆ పిండిని స్టీలు డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టింది. బస్సులో వాన పడలేదు, సీసాలో నీళ్ళు ఒలకలేదు. అయినా ఇచ్ఛాపురం చేరి మూత తీసేసరికి, దాని లోపలివైపు చెమట పట్టినట్లు నీటిబొట్లు కనిపించాయి. పైపొరలోని పిండి వేలికి అంటుకుంటూ ఉండలు కట్టింది. తడి బయటి నుంచి రాలేదు. వేడి తగ్గని పిండిలోని ఆవిరే పైకి లేచి, మూతకు తగిలి, నీరై మళ్ళీ పిండి మీదే రాలింది.

బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు కాబట్టి, నేను చెప్పేదంతా ఆ తరువాత మొదలయ్యే పిండి, పొడి ఆహారాల గురించే. వాటిని పాడుచేసేవి వేడి, తేమ. రెండింటిలో తేమకే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం. వేడి వల్ల పిండిలోని కొవ్వు గాలితో త్వరగా కలిసి పాత నూనె వాసన వేస్తుంది, కొన్ని విటమిన్లు తగ్గిపోతాయి. వాసన వచ్చింది గనుక తల్లి ముక్కే దాన్ని పట్టేస్తుంది. తేమ మాత్రం చప్పుడు లేకుండా పనిచేస్తుంది. పాలపొడిలో తేమ సాధారణంగా నూటికి 5 పాళ్ళకు మించదు. అందులోని పాలచక్కెర గాలిలోని చెమ్మను ఇట్టే పీల్చుకుని ముద్ద కడుతుంది. పొడిగా ఉన్నంతకాలం సూక్ష్మజీవులు అన్నీ చావవు, పెరగనూ పెరగవు. తడి తగిలితే మాత్రం లేచి కూర్చుంటాయి. పసిపిల్లలకు పట్టే డబ్బా పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదు కనుకనే, దాన్ని కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీటిలో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

పలాసలో జీడిపప్పు కట్టేవారికి ఈ సంగతి వివరించనవసరం లేదు. గాలి చొరబడితే పప్పు మెత్తబడుతుందని, ధర పడిపోతుందని వారికి తెలుసు కాబట్టి, ఎండిన పప్పును గాలి పోకుండా మూసి గాని లారీ ఎక్కించరు. జీడిపప్పుకు చూపే ఆ శ్రద్ధ పసిబిడ్డ ఆహారానికి కూడా చూపాలి కదా.

అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు అందే 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్టునే తీసుకోండి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన ఆ పిండిలో కొవ్వూ ఉంది, చెమ్మను పీల్చే చక్కెరా ఉంది. పెద్ద లారీలో వచ్చినంతసేపు అది చాలావరకు భద్రంగానే ఉంటుంది. గోదాము నుంచి ఆటోలో కేంద్రానికి, కేంద్రం నుంచి చంకలో ఇంటికి వెళ్ళే చివరి కొద్ది మైళ్ళలోనే చెడుతుంది. ఒకసారి రాజాం దారిలో వాన వెలిసాక ఆగిన ఆటోను చూశాను. పైన టార్పాలిన్ చక్కగా కప్పారు గాని, చక్రాలు చిమ్మిన నీరు అడుగు రేకు సందుల్లోంచి ఎక్కి కింది వరుస అట్టపెట్టెలను నానబెట్టింది. కాబట్టి పట్టా పైన కప్పితే సరిపోదు, అడుగున కూడా పరవాలి, దాని మీద చెక్కబల్ల వేయాలి. ఎండలో బిగించి కప్పిన పట్టా కింద కూడా చెమ్మ పుడుతుంది గనుక, చేరగానే పట్టా విప్పి, పెట్టెలను గోడకు జానెడు ఎడంగా, నేలకు తగలకుండా పేర్చాలి.

ప్రయాణంలో తల్లులు పాటించవలసింది ఇంతకన్నా సులభం. పిండి అరచేతికి వెచ్చగా తగిలినంతసేపు మూత పెట్టకూడదు. డబ్బాను బస్సు కిటికీ అద్దం పక్కన గాని, కారులో ముందు అద్దం కింద గాని, మోటారు సైకిలు ఇంజను దగ్గర గాని ఉంచకూడదు. పెద్ద ప్యాకెట్టును పదేపదే విప్పే బదులు, దారికి కావలసినంత చిన్న డబ్బాలోకి తీసుకోవాలి. ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుందనుకుని పాలపొడి డబ్బాను అందులో పెట్టేవారున్నారు. ఉక్కపోతలో చల్లని డబ్బాను బయటికి తీస్తే దాని మీద నీటిబొట్లు పట్టినట్లే, మూత తీయగానే లోపల కూడా పడతాయి. కలిపిన జావను ఫ్లాస్కులో పోసుకుని వెళ్ళడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే గోరువెచ్చని జావలో క్రిములు వేగంగా పెరుగుతాయి. ఫ్లాస్కులో మరిగించిన నీళ్ళు వేరుగా, పొడి వేరుగా తీసుకెళ్ళి అప్పటికప్పుడు కలిపి, చల్లార్చి పట్టాలి. చోడిపిండి మాత్రం ఉడకాలి గనుక ఊరు చేరాకే వండాలి.

ఉండలు కట్టి ముక్కవాసన వేసే పిండిని జల్లించి వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడకూడదు. బూజు కనిపించని చోట కూడా దాని విషం ఉండవచ్చు, ఉడికించినా అది పూర్తిగా పోదు. పారేయడం ఇష్టంలేక ఆ పిండిని కుడితిలో కలిపి పాడి ఆవుకు పెట్టేవారు కూడా ఉన్నారు. కాని బూజు విషాల్లో ఒకటైన అఫ్లాటాక్సిన్ ఆవు పాలలోకి దిగుతుంది, ఆ పాలు సాయంత్రానికి బిడ్డ గ్లాసులోకే వస్తాయి. అటువంటి పిండిని గొయ్యి తీసి పూడ్చండి.